మొదటి నొక్కు

"కార్డు ఇలా ఇచ్చెయ్," అన్నాడు కొండెక్కేవాళ్ల సంఘం సెక్రటరీ చెయ్యి చాపి, పెన్ను అడిగినంత తేలిగ్గా.

పుల్లయ్య మెడలోంచి కార్డు తీశాడు. దాని తాడుని నాలుగు మడతలు పెట్టి, చుట్ట చుట్టి, ఆ చుట్ట మీద కార్డు పెట్టి మరీ ఇచ్చాడు. కొండ మీద పనికి అనుమతిచ్చి, కూడు పెట్టే కార్డు చేజారిపోతున్నా సరే, తాడు మాత్రం చిక్కుపడకూడదు. అదీ వాడి వరస. సెక్రటరీ దాన్ని సొరుగులో పడేసి, మోకాలితో సొరుగు మూశాడు.

మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు. పుల్లయ్య ఆయనకి స్వయానా బావమరిది, భార్య తోడబుట్టినవాడు. ఊరి వెనక కొండకి నిటారుగా ఉన్న ముఖాన్ని ఎక్కేవాళ్లంతా 'గోడ' అంటారు. ఆ గోడ మీద అడుగు నుంచి అంచు దాకా పన్నెండు అంచెల దారి ఉంది. ఒక్కో అంచె చివర ఇద్దరు నిలబడేంత గట్టు, అంచె పొడుగునా రాతిలో పాతిన బోల్టులు. ఎక్కేవాడు తన తాడుని ఆ బోల్టులకి తగిలించుకుంటూ పోతాడు. కాలు జారితే ప్రాణం దక్కేది బోల్టు వల్లే. నిరుడు పాత బోల్టులన్నీ పీకి కొత్తవి పాతింది ఈ బావా బావమరుదులే.

ఎనిమిది రోజుల కిందట ఒక లెక్కల టీచరమ్మ ఎనిమిదో అంచె మొదలుపెట్టి, మొదటి బోల్టుకి తాడు తగిలించి, ఇంకో బార ఎక్కి జారింది. ఆ కుదుపుకి బోల్టు ఊడొచ్చింది. ఆవిడ వీపు గట్టు రాతికి కొట్టుకుంది. ఆసుపత్రిలో ఉంది. నడుము కింద ఏమీ తెలియడం లేదట.

"పని పుస్తకంలో చూశాం. సరి అంచెలు నీవి, బేసి అంచెలు మేస్త్రీగారివి. ఎనిమిదో అంచె నీదేగా?" అన్నాడు సెక్రటరీ.

పుల్లయ్య తలతిప్పి బావ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మేస్త్రీ గోడకున్న క్యాలెండర్ వైపు చూపు తిప్పుకున్నాడు.

"పుస్తకంలో ఉందిగా అండి," అన్నాడు పుల్లయ్య.

"అవుననా, కాదనా?"

"పుస్తకంలో ఏముంటే అదే అండి."

"శనివారం పొద్దున కమిటీ కూర్చుంటుంది. అక్కడ తేలుస్తాం. అంతవరకు తాడు ముట్టుకోకు. అక్కడ నీ తప్పని తేలితే ఇంక ఈ కార్డు సంగతి మర్చిపోవడమే. ఇక్కడే కాదు, ఎక్కడా తాడు మీద పని దొరకదు." సెక్రటరీ మేస్త్రీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు. పూర్వం తాగుడు అలవాటున్న మనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకుని, పని నేర్పి మనిషిని చేశారు. మీరేం చేస్తారు పాపం!"

ఆ 'పాపం' మేస్త్రీ నెత్తిన రాయి పడ్డట్టు పడింది. ఎందుకంటే పుల్లయ్య చూపులో ఏముందో తనకి తెలుసు. తెలుసనే అనుకున్నాడు. నిరుడు మొదటి గట్టు మీద కూర్చుని తను చెప్పిన మాట గురించే ఆ చూపు.

బోల్టు పాతే జిగురు గొట్టంలో రెండు పాళ్లు ఉంటాయి, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. గన్ను నొక్కితే రెండూ గొట్టం మూతిలో కలిసి బూడిదరంగుగా రావాలి. అంచెకీ అంచెకీ మధ్య పని ఆగితే మూతిలో జిగురు బిగుసుకుంటుంది, కొత్త మూతి వెయ్యాలి. కొత్త మూతి వేసిన ప్రతిసారీ మొదటి నొక్కు కలవకుండా తెల్ల చార, నల్ల చారగా వస్తుంది. దాన్ని పారేయాలి. రంగు ఒక్కటయ్యాకే రంధ్రంలో నింపాలి. ఈ పని చేసేవాడెవడికైనా తెలిసిన సంగతే ఇది. మేస్త్రీకి ఇరవై ఏళ్లుగా తెలుసు. కానీ నిరుడు పన్నెండు అంచెలకి ఎనిమిదే గొట్టాలు వచ్చాయి, వానలు తరుముకొస్తున్నాయి, పని తొందర. "మొదటి నొక్కు పారెయ్యొద్దురా. ఇలా పారేస్తూ పోతే పై అంచెలకి ఉత్త చేతులే. రంధ్రంలోకి వెళ్లాక అదే కలిసిపోతుంది," అన్నాడు తను. "కలవదు బావా," అన్నాడు వాడు. "నీ చాదస్తం నువ్వూ! చెప్పింది చెయ్," అన్నాడు తను.

ఆ మాట ఇప్పుడు ఈ గదిలో చెప్పాలి. చెబితే అయిపోతుంది. మేస్త్రీ నోరు తెరిచాడు కూడా. "శనివారం ఎన్నింటికి?" అని అడిగాడు.

"పదికి," అన్నాడు సెక్రటరీ.

*

ఇంటికొచ్చేసరికి భార్య మిషను మీద ఉంది. ఎక్కేవాళ్లు నడుముకి కట్టుకునే పట్టీలు కుడుతుంది ఆవిడ. బొటనవేలంత మందం పట్టీ మీద సూది టకటకా పోతూ ఉంటే ఇల్లంతా అదురుతుంది. ఆయన్ని చూసి కాలు తీసింది. మిషను ఆగాక కూడా బల్ల మీద కత్తెర కాసేపు వణికింది.

"ఏమన్నారు?"

"కార్డు తీసుకున్నారు. శనివారం తేలుస్తారట."

"తేల్చేదేముంది? పుస్తకంలో మీ చేత్తో రాసి ఉందట కదా." దారం పళ్లతో కొరికింది. "నేనొకటి అడుగుతాను, నిజం చెప్పండి. వాడు గన్ను నొక్కుతున్నప్పుడు మీరు చూశారా?"

"చెరో అంచె చేస్తాం. వాడు పైన ఉంటే నేను కింద తాడు పట్టుకుంటాను. ఎట్లా కనిపిస్తుంది?"

"కనిపించదు కదా. మరి వాడే తప్పు చేశాడని మీకెలా తెలుసు?"

"నేననలేదే వాడు తప్పు చేశాడని."

"వాడు చెయ్యలేదనీ అనలేదు మీరు."

మేస్త్రీకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో ఆయనకే తెలియదు. చెంబు తీసుకుని నీళ్లు గడగడా తాగాడు. ఆవిడ ఇంకో పట్టీ తీసి సూది కింద పెట్టింది గానీ తొక్కలేదు.

"వాడి సంగతి మీకు తెలియనిదా?" అంది. "పుల్లలు జేబులో లేకపోతే పనికే బయల్దేరడు. జిగురుని వేలుతో రుద్దితే సమంగా రాదట, అంచుకి పుల్లతో గీయాలట. దానికే కదండీ వాడికి పుల్లయ్య అని పేరు పెట్టారు, మీరే మొదలు పెట్టారు. అంత చాదస్తపు మనిషి తప్పు చేశాడంటే, ఎవరో ఒకరు చెప్పి చేయించి ఉండాలి."

ఆవిడ ఏమీ తెలియకే అంది ఆ మాట. మేస్త్రీ చెంబు కింద పెట్టబోతే బల్లకి తగిలి దొర్లింది. నీళ్లు తుడిచే నెపంతో వంగి, కాసేపు అలాగే ఉండిపోయాడు.

"వాడేడి?" అన్నాడు.

"ఇంకెక్కడ? ఆసుపత్రి గేటు దగ్గర. రోజూ అక్కడే పడిగాపులు. లోపలికి రానివ్వరట, అయినా పోతాడు. తిండి లేదు, నిద్ర లేదు." ఆవిడ దారం కండె పక్కన పెట్టేసింది. "కార్డు పోతే వాడు మళ్లీ సీసా పట్టుకుంటాడండీ. పట్టుకుంటే ఈసారి బతకడు. నాకున్నది వాడొక్కడు."

"రేపు గోడ ఎక్కుతాను. ప్రతి అంచెలో మొదటి బోల్టు లాగి చూస్తాను," అన్నాడు మేస్త్రీ.

"చూస్తే?"

"చూస్తే తెలుస్తుంది."

ఏం తెలుస్తుందో ఆయనకి ముందే తెలుసు. తన మాట విని వాడు మొదటి నొక్కు రంధ్రంలోనే నింపాడు, తనూ అలాగే నింపాడు. కాబట్టి అన్నీ బలహీనంగానే ఉంటాయి, సరివీ బేసివీ. అప్పుడు తప్పు ఒక్కడిది కాదని తేలుతుంది. ఇద్దరి మధ్యా పంచుకుంటే వాడి భాగం తగ్గుతుందని ఆశ. తన భాగం గురించి మాత్రం ఆలోచించకుండా పడుకున్నాడు.

*

గురువారం తెల్లారేసరికి కొండ వెనక దారిన అంచు మీదకి చేరాడు. అక్కడో పెద్ద బండ చుట్టూ ఇనప తాడు బిగించి ఉంది. దానికి తన తాడు కట్టి, రెండుసార్లు వెనక్కి వాలి చూసుకుని కిందికి దిగాడు. నడుముకి లాగుడు మర వేలాడుతోంది. దాన్ని బోల్టుకి తగిలించి పిడి తిప్పితే బోల్టుని బయటికి లాగుతుంది, ఎంత బలంతో లాగుతోందో ముల్లు చూపిస్తుంది. ముల్లు పదిహేను దాకా వెళ్లినా బోల్టు కదలకపోతే మంచిది.

పన్నెండో అంచె మొదటి బోల్టు పుల్లయ్యది. మర తగిలించి పిడి తిప్పాడు. ఐదు. పది. పదిహేను. బోల్టు ఉలకలేదు, పలకలేదు. సరే, ఒకటి తప్పించుకుంది అనుకున్నాడు.

పదకొండోది తనది. చూడ్డానికి దిట్టంగా ఉంది, బోల్టు మెడ చుట్టూ జిగురు రాయిలా గట్టిపడి ఉంది. గోటితో గీస్తే గీత పడలేదు. నిరుడు కూడా మర్నాడు గోటితో గీసి చూసే కదా, బాగుందనుకుని వదిలేశాడు. మర తగిలించాడు. ముల్లు ఆరు దగ్గర వణికింది. పైనున్న గట్టి పెంకు పటుక్కున విరిగింది. ఆ తర్వాత బోల్టు మెల్లగా, ఏ గొడవా లేకుండా, మెత్తబడ్డ కొవ్వొత్తిలోంచి వత్తి లాగినట్టు బయటికొచ్చేసింది. దాని ఒంటి నిండా తెల్ల చార, నల్ల చార. ఏడాదైనా కలవలేదు, ఏడాదైనా ఆరలేదు. వేలికి బంకగా అంటుకుంది.

అప్పుడర్థమైంది. మొదటి నొక్కు రంధ్రం అడుక్కి పోతుంది, కలిసిన జిగురు ఆఖర్న రంధ్రం బయటి అంచుకొస్తుంది. పైన రాయి, లోపల బంక. గోటితో గీసి చూసేవాడికి ఎప్పటికీ తెలియదు. ఈ బోల్టుకి ఏడాది పొడుగునా ఎంతమంది వేలాడి ఉంటారో! మేస్త్రీ బోల్టుని సంచిలో వేసుకుని, తాడు మీద అలా వేలాడుతూ నుదురు రాతికి ఆనించాడు.

పదోది పుల్లయ్యది. పదిహేను దాకా తిప్పినా కదల్లేదు. కోపమొచ్చి పదిహేడు దాకా తిప్పాడు. అయినా కదల్లేదు. మరని విప్పుదామని ఎడం చేత్తో గట్టు అంచు కింద పట్టు వెతుక్కున్నాడు. వేళ్లకి రాతికి అతికి ఉన్నదేదో గుండ్రంగా తగిలింది. వంగి చూశాడు.

నిమ్మకాయంత ముద్ద, జిగురు ముద్ద. ఒక పక్క తెల్ల చార, నల్ల చార, ఇంకో పక్క బూడిదరంగు. దాని మీద పుల్లతో అదిమిన గుర్తు. గట్టు మీద నిలబడ్డవాడికి కనబడకుండా, అంచు కింద చెయ్యి పెట్టి అతికించాడు.

"ఓరి నీ..." అని ఆగిపోయాడు మేస్త్రీ.

వాడు పారేశాడన్నమాట. తను చెప్పింది చెయ్యలేదు. చెయ్యనని ఎదురు చెప్పే ధైర్యం లేక, తను చూస్తే తిడతాడని, గట్టు కింద దాచి మరీ పారేశాడు. గొట్టాలు చాలకపోవడం మాట దేవుడెరుగు, నిరుడు పని అయిపోయాక ఒక గొట్టంలో సగం జిగురు మిగిలిన సంగతి ఇప్పుడు జ్ఞాపకమొచ్చింది. వాడు ఐదారు చోట్ల పారేసినా మిగిలింది. షెడ్డులో అలమార మీద అది ఇప్పటికీ ఉంది, ఎండిపోయి. మేస్త్రీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు తనకే బాగా లేక వెంటనే ఆపుకున్నాడు.

తొమ్మిదోది తనది. ముల్లు నాలుగు దాటకుండానే ఊడింది. సంచిలో వేశాడు.

ఇక ఎనిమిదో అంచె. ఏడో గట్టు మీదకి దిగి నిలబడ్డాడు. టీచరమ్మ పడ్డ చోటు ఇదే. రాతి మీద నీళ్లు పోసి కడిగారు, అయినా మూలల్లో నల్లగా కనిపిస్తోంది. అక్కడ కాలు పెట్టడానికి మనసొప్పక ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాడు. రెండు బారల ఎత్తున రంధ్రం ఉంది, లోపల బంక. గట్టు అంచు కింద చెయ్యి పెట్టి వెతికాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. ముద్ద లేదు.

'ఈ ఒక్క చోట నా మాట విన్నాడు,' అనుకున్నాడు. 'ఐదుసార్లు వినకుండా బతికాడు, ఒక్కసారి విని చెడిపోయాడు.' ఏడుపొచ్చేసింది. నిటారు గోడ మీద ఎవరూ లేరు కదా అని ఏడ్చాడు కూడా. ముక్కు తుడుచుకుని, రంధ్రం కొలత చూద్దామని తాడు పట్టుకుని దాని ఎత్తుకి లేచాడు.

రంధ్రం చుట్టూ గట్టి జిగురు పెంకు సగం ఊడిపోయింది, సగం ఇంకా అతుక్కుని ఉంది. దాని అంచు పుల్లతో గీసినట్టు సన్నగా, సమంగా లేదు. లోపలికి పల్లంగా ఉంది. మధ్యలో బొటనవేలు ఒత్తిన గుంట.

పుల్లయ్య వేలు పెట్టడు. చచ్చినా పెట్టడు.

మేస్త్రీ తన బొటనవేలు ఆ గుంటలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఈ అంచెకి వాడే మొదటి రంధ్రం తొలుస్తున్నాడు. రాతి పొడి కంట్లో పడింది. "బావా, కన్ను తెరవలేకపోతున్నా," అని గట్టు మీదకి దిగాడు, నీళ్ల సీసా తీసుకుని కన్ను కడుక్కుంటూ కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదకొస్తోంది. "ఇటు తే," అని గన్ను లాక్కుని, కొత్త మూతి పెట్టి, మొదటి బోల్టు తనే పాతాడు. తనే నొక్కాడు. వేలుతో తనే రుద్దాడు. వాడు కన్ను తుడుచుకుని లేచి మిగతా అంచె పూర్తి చేశాడు. సాయంత్రం షెడ్డులో పుస్తకం తీసి, 'ఎనిమిది: పుల్లయ్య' అని తనే రాశాడు.

పావుగంట పని. పావుగంటే కాబట్టి మర్చిపోయాడు.

మిగిలిన సగం పెంకుని ఉలితో జాగ్రత్తగా ఊడదీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తాడు మీద పైకి ఎక్కుతూ పదో అంచె ముద్దనీ ఊడదీశాడు. పన్నెండో అంచె మొదలయ్యే గట్టు కింద చెయ్యి పెట్టాడు. అక్కడా ఉంది, అదే సైజు, అదే పుల్ల గుర్తు. అంచు మీదకి చేరాక తాడు చుట్టడానికి చేతులు రాలేదు. చిక్కుగానే సంచిలో కుక్కేశాడు.

*

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాడు. గేటుకి ఎదురుగా పంచర్ల షాపు ఉంది. దాని అరుగు పక్కన నిలబడి ఉన్నాడు పుల్లయ్య, గెడ్డం మాసి, చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి. మేస్త్రీ ఏమీ అనకుండా జేబులోంచి ముద్ద తీసి చేతిలో పెట్టాడు.

పుల్లయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. "చూస్తే తిడతావని దాచాను బావా."

మేస్త్రీ రుమాలు విప్పి పెంకు చూపించాడు. దాన్ని చూశాక పుల్లయ్య తల ఎత్తాడు.

"నాకు గుర్తు రాలేదురా," అన్నాడు మేస్త్రీ. "ఒట్టు. నిన్న అక్కడ వేలు పెట్టి చూసేదాకా నాకు నిజంగా గుర్తు రాలేదు."

"నిజంగానా?"

గుర్తు లేకపోవడం నిజమే. కానీ ఈ పది రోజుల్లో ఒక్కసారైనా గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాడా? పుస్తకంలో ఉందని ఊపిరి పీల్చుకున్నాడు గానీ.

"నీకు గుర్తుందా?" అన్నాడు.

"ఆ రాత్రంతా కన్ను మండుతూనే ఉంది. ఎలా మర్చిపోతాను? నువ్వు పుస్తకం రాస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను. చెబుదామనుకున్నా, ఒక్క బోల్టు దగ్గర ఎందుకులే అనుకున్నా."

"అది సరే. మొన్న సెక్రటరీ అడిగినప్పుడు చెప్పాలి కదరా! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను బావా."

షాపువాడు ట్యూబు నీళ్ల తొట్లో ముంచాడు. బుడగలు రాలేదు. ఇంకో వైపు తిప్పి ముంచాడు.

"నువ్వు నా వైపు చూస్తే, మొదటి నొక్కు మాట గురించి చూస్తున్నావనుకున్నాను," అన్నాడు మేస్త్రీ. "నేనే పారెయ్యొద్దన్నానని చెప్పమంటున్నావనుకున్నా."

"అదైనా చెప్పలేదుగా," అన్నాడు పుల్లయ్య.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. మేస్త్రీ అరుగు మీద కూర్చున్నాడు.

"నేను చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు పుల్లయ్య. "తాగుబోతు బావ మీద తోసేస్తున్నాడంటారు. అక్క ఎటు కొట్టుకోవాలి? నిన్ను నమ్మాలా, నన్ను నమ్మాలా? అందుకని ఊరుకున్నా. నాకు ఏడుపొస్తున్నది దానికి కాదు. ఆ టీచరమ్మ బోల్టు మీద బరువేసింది చూడు, బాగా పాతి ఉంటారనే కదా వేసింది. నేను కన్ను కడుక్కోవడం మానేసి లేచి, 'బావా, పారేసి నొక్కు' అని ఒక్క మాట అనలేకపోయాను."

"రేపు చెప్తాను," అన్నాడు మేస్త్రీ.

పుల్లయ్య ముద్దని తిరిగి ఇచ్చేసి మళ్లీ గేటు వైపు తిరిగి నిలబడ్డాడు.

*

కమిటీ గదిలో పొడుగు బల్ల. ఒక పక్క సెక్రటరీ, ఇంకో ముగ్గురు పెద్దమనుషులు. మూల కుర్చీలో టీచరమ్మ భర్త. బస్సు డ్రైవరు, డ్యూటీ నుంచే వచ్చాడు, ఖాకీ చొక్కా. ఆ రోజు గట్టు మీద తాడు పట్టుకున్నది ఆయనే. అరచేతులకి ఇంకా కట్లు ఉన్నాయి. పుల్లయ్య తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ తన సంచి బల్ల మీద బోర్లించాడు. ఊడిన బోల్టులు రెండు, ముద్దలు రెండు, రుమాల్లో పెంకు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కంట్లో పొడి పడడం దగ్గర్నుంచి వేలి గుంట దాకా చెప్పాడు.

సెక్రటరీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముఖంలో కోపం లేదు. జాలి ఉంది, పైగా గౌరవం కూడా ఉంది. మేస్త్రీకి భయం వేసింది.

"మీ పెద్దమనసు మాకు తెలుసు మేస్త్రీగారూ," అన్నాడు. "బావమరిదిని కాపాడుకోవాలని తప్పు మీ మీద వేసుకుంటున్నారు. ఎవరు వేసుకుంటారండీ ఈ రోజుల్లో!"

"అయ్యో, కాదండీ! నేనే చేశాను. వేలు చూడండి."

"గ్లౌజు వేసుకున్న వేలు ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుంది. ఆ రోజు చేతిలో పుల్ల లేక వేలుతో రుద్దాడేమో."

"లాగి చూసిన నా బేసి అంచెలు రెండూ ఊడాయి, వాడివి ఊడలేదు. అదైనా చూడండి!"

"మీవి సరిగా లేకపోతే వేరే సంగతి, అది మనం సరిచేసుకుందాం. ఎనిమిదో అంచె పుస్తకంలో ఎవరి పేరుంది? ఎవరి చేతిరాత? పదకొండు రోజుల నుంచి ఏమీ చెప్పకుండా, ఇవాళ కార్డు పోతుందనగా చెప్తే..." పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలలూపారు. "అతను అడిగినప్పుడు కాదని కూడా అనలేదే!"

ఇన్నాళ్లూ తను అబద్ధం చెప్పినా నమ్మనివాళ్లు లేరు, ఇవాళ నిజం చెబుతుంటే చేతులు పట్టుకుని మెచ్చుకుంటున్నారు. మేస్త్రీ పుల్లయ్య వైపు చూశాడు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, తనకి సంబంధం లేనట్టు.

"ఒక్క మాట." మూల కుర్చీ కిర్రుమంది. డ్రైవరు లేచాడు. బల్ల దగ్గరికొచ్చి, కట్టున్న చేత్తో ముద్దని ముట్టుకున్నాడు. "ఇది పారేయాలి కదా? పారేయకపోతే లోపల గట్టిపడదు. అంతేగా?"

"అంతేనండి," అన్నాడు మేస్త్రీ.

"పారెయ్యొద్దన్నది ఎవరు?"

అదీ అసలు ప్రశ్న. పదకొండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న. మొన్న ఈ గదిలోనే నోటి దాకా వచ్చి, 'ఎన్నింటికి' అని మారిపోయిన మాట.

"నేను," అన్నాడు మేస్త్రీ. "వాడు కలవదు బావా అన్నాడు. చాదస్తం అని నోరు మూయించాను."

డ్రైవరు పుల్లయ్య వైపు తిరిగాడు. "పారెయ్యొద్దన్నాడా?"

పుల్లయ్య కిటికీ నుంచి తల తిప్పాడు. ఈసారి బావ వైపు చూడలేదు. "అన్నాడండి," అన్నాడు.

"చెయ్యి ఎవరిదో మీరూ మీరూ తేల్చుకోండి," అన్నాడు డ్రైవరు సెక్రటరీతో. "నేను బస్సు నడుపుతాను. బ్రేకు చూడొద్దు, బయల్దేరు అని డిపోలో ఎవడైనా చెబితే, నేను మొదట అడిగేది ఆ చెప్పినవాడి పేరే. రాసుకోండి ఆ పేరు."

మేస్త్రీ తన మెడలోంచి కార్డు తీశాడు. తాడు చెవికి తట్టుకుంది, లాగేసరికి పీటముడి పడింది. అలాగే బల్ల మీద పెట్టాడు. సెక్రటరీ దాన్ని చూసి, సొరుగు తెరిచి, పుల్లయ్య కార్డు బయటికి తీశాడు. తాడు వాడు చుట్టి ఇచ్చినట్టే ఉంది.

పుల్లయ్య వచ్చి తీసుకున్నాడు. మెడలో వేసుకోకుండా జేబులో పెట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి నడిచాడు.

డ్రైవరు మేస్త్రీ భుజం తట్టాడు. ఓదార్పుగా కాదు, పద అన్నట్టు. "ఆవిడకి మీరే చెప్పాలి. లెక్కల టీచరు. ఎలా జరిగిందో తెలియక పిచ్చెక్కిపోతోంది."

*

మంచం కిటికీ పక్కన ఉంది. టీచరమ్మ వెల్లకిలా పడుకుని, కదలకుండా అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్న చెయ్యి చాపింది.

"చూపించండి."

మేస్త్రీ ముద్ద ఇచ్చాడు. ఆవిడ గోటితో గీసింది. "గట్టిగానే ఉందే."

"అది పుల్లయ్యదమ్మా. పారేసిందైనా కాస్త కలిసింది, గట్టిపడింది."

"మీది?"

సంచిలోంచి తొమ్మిదో అంచె బోల్టు తీశాడు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆవిడే లాక్కుంది. చారల మీద వేలు ఆనించింది. వేలు ఎత్తితే జిగురు సన్నటి దారంలా సాగింది.

"ఏడాదైందన్నారు కదా?"

"అయిందమ్మా."

"ఇంకా అంటుకుంటోంది," అంది. రెండు వేళ్లూ కలిపి, విడదీసి, మళ్లీ కలిపి చూసుకుంది. మేస్త్రీ జేబులోంచి గుడ్డ తీసి ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు. క్షమించమని అడుగుదామని దారంతా కూడబలుక్కుని వచ్చాడు, ఆ వేళ్లు చూశాక ఆ మాట ఎత్తలేదు.

"ఆ గేటు దగ్గర రోజూ ఒకాయన నిలబడుతున్నాడట," అంది టీచరమ్మ కిటికీ వైపు కళ్లు తిప్పి. "ఆయనేనా పుల్లయ్య?"

"అవునమ్మా."

"ఆయనే చేశాడన్నారు మాకు. ఆయన్ని లోపలికి రానివ్వొద్దని నేనే చెప్పాను. ఎండలో నిలబడితే నిలబడనీ అనుకున్నాను." కిటికీ నుంచి చూపు తిప్పుకుంది. "రమ్మనండి."

మేస్త్రీ మెట్లు దిగి గేటు దాటి వచ్చాడు. పుల్లయ్య పంచర్ల షాపు పక్కన, ఆ చోటే, ఆ తీరుగానే నిలబడి ఉన్నాడు.

"నిన్ను రమ్మంటోంది."

"నన్నా? ఏం చెప్పావు?"

"ఉన్నదంతా చెప్పాను."

పుల్లయ్య చొక్కా సర్దుకున్నాడు. జేబులో పుల్లలు గుచ్చుకుంటాయేమోనని తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు. రోడ్డు దాటి, గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, కాపలావాడికి ఏదో చెప్పి లోపలికి వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మేస్త్రీ ఇంటికి వెళ్లలేదు. పంచర్ల షాపు పక్కన వాడు నిలబడ్డ చోటే నిలబడి, పై అంతస్తు కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు.